తలకిందుల నాణెం

3, సోమవారం

నాణేలు అమ్మేస్తున్నాను. నిర్ణయం అయిపోయింది. బాధేమీ లేదు.

ఈయనతో మాత్రం, బీరువా కింది అర ఖాళీ చెయ్యాలి, దుప్పట్లకి చోటు లేదు అని చెప్పాను. మనకున్నవి నాలుగు దుప్పట్లేగా అన్నారు. కొంటాను అన్నాను. అంతకంటే పొడిగించలేదు. ఈయన నడిపిన బస్సులోనే ఉద్యోగమంతా కండక్టరుగా చేసినదాన్ని. టికెట్టు లేనివాడే ఎక్కువ మాట్లాడతాడని నాకు తెలుసు.

డైరీలో నిజం రాసుకోవచ్చు. మా పాత డిపో మెకానిక్ షెడ్డులో ఒక వ్యాను అమ్మకానికి ఉంది. ఆకుపచ్చ రంగు, వెనక ఎనిమిది సీట్లు, కిటికీలకి తెరలు. వీధిలో ఆడవాళ్ళని పొద్దున్నే మార్కెట్టుకి తీసుకెళ్ళి తీసుకొస్తే పెట్రోలు ఖర్చు దానికదే వస్తుంది. ఇది ఎవరైనా అడిగితే చెప్పడానికి. అసలు సంగతి వేరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వెనక నిలబడి, జనం తలల సందుల్లోంచి దారి చూశాను. ఒక్కసారి ముందు కూర్చుని చూడాలి. అంతే. ఈ వయసులో ఇంతకంటే చెడ్డ కోరికలున్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఈయనకి ఇప్పుడే చెప్పను. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని కళ్ళ డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఈయన గడప దాటడం లేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, వీధిలో పోయే బళ్ళని చూడకుండానే, ఇది ఫలానా బండి, గేరు మార్చడం రాని వెధవ ఎవడో నడుపుతున్నాడు అని చెబుతూ ఉంటారు. ఆ మనిషి ముందు నిలబడి నేను నేర్చుకుంటున్నానని ఎలా అనడం?

అవును, నేర్చుకుంటున్నాను. మోకాళ్ళ వ్యాయామం క్లాసని చెప్పి వెళ్తున్నాను.

4, మంగళవారం

న్యాయమైన ధర వస్తేనే అమ్ముతాను. ఒక్క పైసా తగ్గినా అమ్మను.

న్యాయమైన ధర అంటే ఎంత అని మధ్యాహ్నమంతా కూర్చుని ఆలోచించాను. సరిగ్గా వ్యాను ఖరీదంత అని తేలింది.

6, గురువారం

డబ్బా బయటికి తీశాను. బిస్కెట్ల డబ్బా. ఒక్కొక్క నాణేనికీ ఒక్కొక్క కాగితం కవరు, నేనే మడిచినవి. అన్నీ చిల్లరలో వచ్చినవే. చెలామణీ పోయినవి, పరదేశాలవి, మధ్యలో చిల్లున్నవి, ఏనుగు బొమ్మది. కొన్ని చెల్లవని తెలిసే జనం నాకు అంటగట్టినవి. వాటి బదులు నా సొంత డబ్బు టికెట్ల సంచిలో వేసి వీటిని ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఎందుకే ఈ రేకుముక్కలు అనేది మా అమ్మ.

తలకిందుల నాణెం అడుగున ఉంది. చూడ్డానికి మామూలుదే. బొమ్మని నిటారుగా పట్టుకుని పక్కకి తిప్పితే మాత్రం వెనక అంకె తలకిందులుగా కనిపిస్తుంది. అచ్చు బిగించేటప్పుడు ఎవరో పరధ్యానంలో ఉన్నారు. ఉద్యోగంలో మొదటి రోజు, మొదటి ట్రిప్పులో వచ్చింది. దొంగ నాణెం అనుకుని భయపడి, నా డబ్బు వేసి దీన్ని పక్కన పెట్టాను. డిపోలో ఈ సంగతి విని మా బండి డ్రైవరు పగలబడి నవ్వాడు. నాణెం తలకిందులైతే ఏం, నువ్వూ తలకిందులుగా నిలబడి ఇస్తే సరిపోయేదిగా అన్నాడు. అప్పట్నుంచి నన్ను తలకిందులు అనే పిలిచేవాడు. ఆ కోపం తీర్చుకోవడానికే అతన్ని పెళ్ళి చేసుకున్నాను. ఇంకా తీరలేదు.

డబ్బా మూసేశాను. బాధేమీ లేదు అని సోమవారమే రాశాను.

7, శుక్రవారం

భోజనాల దగ్గర ఈయన వంగి బల్ల కిందికి చూశారు. ఏమిటంటే, చెంచా పడిందేమోనని అన్నారు. చెంచా పడలేదు.

9, ఆదివారం

పాత నాణేలు కొనే దుకాణానికి ఫోను చేశాను. మెడలో దారానికి కట్టుకున్న భూతద్దంతో తిరుగుతాడే, అతను. నాణేలున్నాయనగానే, "అయ్యగారికి ఇవ్వండమ్మా, మాట్లాడతాను," అన్నాడు. నావేనని నోటి దాకా వచ్చింది గానీ మింగేశాను. ఇది కలిసొచ్చే సంగతే. నాణేలు ఈయనవే అనుకోనీ. ఈయనకి నాణేల గురించి ఓనమాలు తెలియవు. తెలియని మగవాడి ముందు, వంటింట్లో ఉన్న ఆడదాని వెనక, మనుషులు చాలా ధీమాగా మాట్లాడతారు. వాళ్ళ లోగుట్టు అప్పుడే బయటపడుతుంది.

ఏర్పాటు ఇదీ. బేరం ఈయన చేస్తారు. నేను వంటింటి తెర వెనక గ్లాసూ చెంచా పట్టుకుని నిలబడతాను. బస్సులో తాడు లాగి గంట కొట్టినట్టే. ఒక్కసారి మోగితే ఆగాలి. రెండుసార్లు మోగితే రైట్.

ఈయనకి చెబితే కళ్ళు మెరిశాయి. సాయంత్రమంతా సాధన చేశాం. నేను ఒకటి కొడితే ఈయన మాట మధ్యలోనే నోరు మూశారు. పెళ్ళయ్యాక ఇంత సుఖం ఎరగను. రేపే వంటింట్లో గంట ఒకటి కట్టించుకోవాలి.

11, మంగళవారం

పరువు పోయింది. వరసగా రాస్తాను.

ఈయన పొద్దున్నే గడ్డం గీసుకున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. భూతద్దం వచ్చాడు, కూర్చున్నాడు, టీలో పంచదార కలపవద్దన్నాడు. విడిగా ఇవ్వండి, నా కొలత నాకుంది అన్నాడు. ఇచ్చి లోపలికి వచ్చి తెర వెనక నిలబడ్డాను.

డబ్బా విప్పి ఒక్కొక్కటే చూశాడు. ఏనుగు బొమ్మ దగ్గర ఆగి, అబ్బో అన్నాడు. ఇలాంటిది ఈ మధ్య చూడలేదు, నిజానికి దీని ఒక్కదానికోసమే వచ్చాననుకుంటాను, మిగతావి మీ బరువు తగ్గించడానికి పట్టుకెళ్తాను అన్నాడు. ఈయన ఏనుగుని చూసి తనే పెంచినంత గర్వంగా తలాడించారు. నేను మాత్రం అతని కళ్ళని చూస్తున్నాను. టికెట్టు లేనివాడు బస్సులో అన్నీ చూస్తాడు, కిటికీ, కప్పు, ముందువాడి మెడ, కండక్టరుని తప్ప. ఇతను డబ్బాలో అన్నీ మళ్ళీ మళ్ళీ చూశాడు. తలకిందులదాన్ని ఒక్కసారి తిప్పి, గభాల్న కవర్లో పెట్టేసి, మళ్ళీ దాని వంక చూడలేదు. దొరికావు నాయనా అనుకున్నాను.

అప్పుడు ధర చెప్పాడు. వ్యానుకి చక్రాలు, అద్దాలు రావచ్చు. అంతే. నేను ఒక్కటి కొడదామని చెంచా ఎత్తాను. సరిగ్గా అప్పుడే అతను తన కొలత పంచదార వేసుకుని, కలుపుకుని, చెంచాని కప్పు అంచుకేసి దులిపాడు.

టింగ్ టింగ్.

"రైట్," అన్నారు ఈయన. "తీసుకెళ్ళండి."

భూతద్దం మారుమాట లేకుండా డబ్బా మూత అందుకున్నాడు. నేనేం చేశానో నాకే తెలియదు. "హోల్డాన్," అన్న అరుపు మాత్రం వినిపించింది, నాదే. నిండు బజారు మధ్యలో బస్సుని నిలబెట్టిన గొంతు అది. ఈయన కుడికాలు నేలమీద దబ్బున పడింది. రెండు చేతులూ వెళ్ళి డబ్బా మీద పడ్డాయి. మూత కింద భూతద్దం రెండు వేళ్ళు ఇరుక్కున్నాయి. టీ అతని ఒళ్ళో ఒలికింది.

"మాటిచ్చాక వెనక్కి తీసుకోవడం పద్ధతి కాదండీ," అన్నాడు వేళ్ళు ఊదుకుంటూ, ఈయనతోనే.

"మాట నేనెప్పుడిచ్చాను? గంట విని బండి తీశానంతే. మాట ఆవిడది," అన్నారు ఈయన. "నాణేలూ ఆవిడవే."

అప్పుడు నన్ను మొదటిసారి చూశాడు. టీ తెచ్చినప్పుడు చూసింది లెక్కలోకి రాదు. నేను వెళ్ళి ఏనుగుని తీసి అతని ముందు పెట్టాను. మీరు దీనికోసమే వచ్చారుగా, ఊరికే తీసుకెళ్ళండి, మిగతావి మా బరువు, మేమే మోసుకుంటాం అన్నాను. ఒళ్ళో టీ తుడుచుకుంటూ లేచాడు. ఏనుగు బల్లమీదే ఉండిపోయింది. అతను వెళ్ళిపోయాడు.

12, బుధవారం

ఈయనతో మాట్లాడటం లేదు. "రెండు విన్నాను, తీశాను," అంటారు. అంతకు మించి ఒక్క ముక్క ఒప్పుకోరు.

మెకానిక్ వ్యాను ధర పెంచాడు. ఇంకెవరో చూసి వెళ్ళారట, ఆదివారం దాటితే తన చేతుల్లో ఉండదట. కాళ్ళావేళ్ళా పడితే వచ్చే ఆదివారం కాక పై ఆదివారం దాకా ఆగుతానన్నాడు. ఇంటికొచ్చి నాణేల సంగతి మళ్ళీ ఆలోచించాను. న్యాయమైన ధర నేననుకున్నదానికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

14, శుక్రవారం

లైసెన్సు పరీక్ష. రివర్సులో స్తంభం ఉంది. ఉండకూడని చోట ఉంది. దాని గురించి ఇంకేమీ రాయను.

ఇంటికొస్తే మోకాళ్ళెలా ఉన్నాయని అడిగారు ఈయన. వంగడం లేదన్నాను. వెనక్కి నడిచేటప్పుడు భుజం మీదుగా చూసుకుంటే మంచిది అన్నారు. వ్యాయామం గురించి ఈయనకేం తెలుసు?

16, ఆదివారం

నాణేలు పోగుచేసేవాళ్ళు బడి హాల్లో కలుస్తారని విని డబ్బా పట్టుకుని వెళ్ళాం. ఈయన కూడా వచ్చారు. ఇన్నాళ్ళకి గడప దాటారు. బస్సులో డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, అతను బ్రేకు వేసినప్పుడల్లా తనూ నేలని తొక్కారు.

అక్కడ ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. అందరి నోళ్ళూ చూసి చూసి విసుగెత్తి నాణేలు చూస్తుందట. భూతద్దం ఏమంటాడో ఈవిడా అదే అంటుందని చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆవిడ ఏనుగుని చూసి నవ్వి, ఇది మా ఇంట్లోనూ రెండున్నాయి అంది. మిగతావాటిలో ఏవి బాగున్నాయో, ఏవి ఊరికే అందంగా ఉన్నాయో మొహమాటం లేకుండా చెప్పింది. తలకిందులదాన్ని మాత్రం వెలుగులోకి పట్టుకుని పదేపదే తిప్పి చూసింది.

చివరికి రెండు ధరలు చెప్పింది. ఇది కాకుండా అన్నిటికీ ఇంత. ఇదీ కలిపితే ఇంత. "ఇది అమ్మేదేనా అమ్మా? అడిగి తీసుకోవడం నా అలవాటు," అంది.

మొదటి ధరకి వ్యాను రాదు. రెండోదానికి వ్యాను వచ్చి, పైన కొత్త తెరలు కూడా వస్తాయి. రెండూ న్యాయమైన ధరలే. ఈ సంగతి నాకు చాలా కోపం తెప్పించింది. మోసం చేసేవాడైతే గెంటేసి ఇంట్లో సుఖంగా కూర్చునేదాన్ని.

ఆదివారం చెబుతానన్నాను.

17, సోమవారం

అమ్మేస్తాను. ఒక్క నాణెం. దానికోసం వ్యాను వదులుకునేంత వెర్రిదాన్ని కాదు.

18, మంగళవారం

అమ్మేస్తాను.

19, బుధవారం

ఈయన్ని అడిగాను, తలకిందులదాన్ని కూడా ఇచ్చెయ్యమంటారా అని. నీ నాణెం, నీ ఇష్టం అన్నారు. అమ్మొద్దు అంటారేమోనని కాసేపు అక్కడే తచ్చాడాను. అనలేదు. దుప్పట్లు మరీ అంత అవసరమా అని మాత్రం అడిగారు. చాలా అవసరం అన్నాను.

మనిషికి మనసన్నది లేదు.

20, గురువారం

నాణెం లేదు.

కవరు ఉంది. కవర్లో నాణెం లేదు. డబ్బా బోర్లించాను, బీరువా ఖాళీ చేశాను, నాలుగు దుప్పట్లూ దులిపాను. ఏడ్చాను. డైరీ కనక ఒప్పుకుంటున్నాను. అమ్మడానికి తీసిన నాణెం పోతే ఇంత ఏడుపెందుకో నాకే తెలియలేదు. డబ్బు పోయిందని కాదు. ఆ మొదటి రోజు పోయినట్టుంది.

ఈయన కుర్చీలోంచి లేవకుండా, ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుంది అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

21, శుక్రవారం

భూతద్దం తీసి ఉంటాడు. ఆ వేళ్ళు మూత కింద ఊరికే ఇరుక్కోలేదు. దుకాణానికి వెళ్ళి, గుమ్మంలో స్టూలు వేయించుకుని, కొనడానికి వచ్చినవాళ్ళకి వినపడేలా మా ఇంటి నాణెం కథ మొదలుపెట్టాను. పాపం అతను జేబులు తిరగేసి చూపించాడు. చెప్పులు కూడా విప్పాడు. అమ్మా, ఆదివారం హాల్లో ఓ మూల నేనూ నిలబడ్డాను, అది అప్పుడు అక్కడే ఉంది, డాక్టరమ్మ చేతిలో చూసి కుళ్ళుకున్నాను కూడా అన్నాడు. నిజమే. మంగళవారం తర్వాత ఆదివారం కదా. నాకా మాత్రం తోచలేదు.

క్షమాపణ చెప్పాను. టీ ఇచ్చాడు. పంచదార విడిగా.

ఇంటికొచ్చేసరికి ఈయన లేరు. ఒక్కరే నడకకి వెళ్ళారట. చొక్కా చేతికి గ్రీజు. నడకకి వెళ్ళిన మనిషికి గ్రీజెక్కడిది అంటే, ఎవరిదో సైకిలు చైను ఊడితే ఎక్కించానన్నారు. పోనీలే, గాలి తగిలింది, మొహం తేటగా ఉంది.

23, ఆదివారం

ఈ రోజు గురించి నెమ్మదిగా రాయాలి.

భోజనాలయ్యాక హాలుకి వెళ్ళాలి. తలకిందులది లేదు కనక మొదటి ధరే గతి. వ్యాను లేదు. మెకానిక్ గడువు కూడా ఇవాళే. మెతుకు నోట్లోకి పోవడం లేదు. అప్పుడు ఈయన తల ఎత్తకుండా అన్నారు:

"క్లచ్ మీంచి కాలు తియ్యి. ప్లేట్లు అరిగిపోతాయి."

బల్ల కింద చూసుకున్నాను. నా ఎడమకాలు నేలని తొక్కి పట్టుకుని ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాను.

"మోకాళ్ళ క్లాసు రెండో రోజునుంచి. మోకాళ్ళు నొప్పైనవాళ్ళు కాలు చాపుతారు. నువ్వు అన్నం తింటూ గేర్లు మారుస్తున్నావు."

ఇన్ని రోజులూ తెలిసే ఊరుకున్నారు. బల్ల కింద వెతికింది చెంచాని కాదు. ఎందుకు చెప్పలేదంటే, కండక్టరు టికెట్లు పూర్తయ్యాయని చెప్పేదాకా డ్రైవరు వెనక్కి తిరిగి అడగకూడదు అన్నారు. సిగ్గేసింది. మీరు చిన్నబుచ్చుకుంటారని దాచాను అన్నాను. కొంచెం చిన్నబుచ్చుకున్నాను, రెండు రోజులు. తర్వాత నీ రివర్సు సంగతి తలుచుకుని భయమేసింది అన్నారు. స్తంభం గురించి డ్రైవింగు మాస్టారు ఆ రోజే ఫోను చేసి చెప్పాడట. లోకంలో నోరు మూసుకునేవాళ్ళే లేరు.

గ్రీజు సైకిలుది కాదు. శుక్రవారం మెకానిక్ షెడ్డుకి వెళ్ళారు. వ్యాను స్టార్ట్ చేయించి, బానెట్టు మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని విన్నారట. క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, రెండో గేరు పళ్ళు అరిగాయి, ఇంకెవరో చూసి వెళ్ళారన్న ఆ ఇంకెవరో పేరేమిటి అని అడిగారట. మెకానిక్ నీళ్ళు నమిలాడట. రిపేరు ఖర్చు తీసేసి అసలు ధర ఎంతకి ఉండాలో ఇద్దరూ కూర్చుని తేల్చారు. ఆ అంకె చెప్పారు.

డాక్టరమ్మ మొదటి ధర కంటే ఒక పిసరు తక్కువే.

నేనిన్నాళ్ళూ నాణేల ధర తూచుకుంటూ కూర్చున్నాను. వ్యాను ధర న్యాయమైనదా అని ఒక్కసారి కూడా అడగలేదు.

డబ్బా ఇచ్చేసి వచ్చాను. హాల్లో కాదు, తిరిగొచ్చే బస్సులో కళ్ళు నిండాయి. బాధ ఉంది. మొదట్నుంచీ ఉంది. డాక్టరమ్మ మంచిది, కవర్లు మార్చనంది. ఏనుగుని మాత్రం వెనక్కి ఇచ్చేసింది.

తలకిందులది పోయిందని చెబితే ఆవిడ కూడా నొచ్చుకుంది. ఈయన అప్పుడు నా పక్కన నిలబడి పైకప్పు వంక చూస్తున్నారు.

26, బుధవారం

పరీక్ష పాసయ్యాను. స్తంభం ఇవాళ ఉండాల్సిన చోటే ఉంది.

29, శనివారం

వ్యాను వచ్చింది. మెకానిక్ కొత్త ప్లేట్లు వేశాడు. ఈయన్ని ముందు సీట్లో కూర్చోమన్నాను, నా పక్కన. వద్దన్నారు. వెనక తలుపు దగ్గర సీటు ఎంచుకుని కూర్చున్నారు. సరే, కోపమేమో అనుకున్నాను. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. అద్దం సర్దుకున్నాను. ముందు మొత్తం దారి. ఎవరి తలా అడ్డం లేదు. ఇంత వెడల్పుగా ఉంటుందని నాకు తెలియదు.

గేరు వేశాను. కాలు వదలబోయాను.

టింగ్.

అలవాటు. ఆగిపోయాను. పక్కింటావిడ సంచి పట్టుకుని పరుగెత్తుకొస్తోంది. ఎక్కి, ఆయాసపడుతూ కూర్చుంది. ఆ మోత ఎక్కడిదా అని అద్దంలో చూశాను. ఈయన కిటికీ కడ్డీ పక్కన చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. వేళ్ళ మధ్య నాణెం ఉంది. దొంగ మొహం. నేను చూస్తున్నానని తెలిసి, బొమ్మ నిటారుగా చూపించి, పక్కకి తిప్పారు. అంకె తలకిందులుగా ఉంది.

"అమ్మొద్దని నోటితో చెప్పచ్చుగా," అన్నాను.

"చెబితే అమ్మేసేదానివి," అన్నారు.

అది నిజమే. రోడ్డు వైపు తిరిగాను. వెనక కడ్డీ మోగింది.

టింగ్ టింగ్.

కాలు వదిలాను. వ్యాను ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. పక్కింటావిడ సంచి కిందపడింది.

"తలకిందులు," అన్నారు ఈయన వెనకనుంచి. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో.

తాళం మళ్ళీ తిప్పాను. మళ్ళీ రెండు మోగాయి. ఈసారి తీశాను.